అవ్వ యాదికి ఫోన్ ఒక్కటే సాలదు, పక్కన మనిషి గావాలె

అవ్వ పొద్దుగాల చాయ్ తాగింది. పావుగంటకు మళ్ల అడిగింది, ‘బిడ్డా, ఇయ్యాల చాయ్ పెట్టలేదా?’ అని. నిన్న కూడ గంతే. మొన్న సంతకు పోయి, ఉల్లిగడ్డ తెచ్చుడు మర్సిపోయి ఉట్టి సంచితోని ఇంటికొచ్చింది. పింఛన్ పుస్తకం ఎక్కడ పెట్టిందో యాదికి రాక ఇల్లంత దేవులాడింది. ఇంట్ల అందరు నవ్విన్రు. ‘ముసల్తనం గదా, గట్లనే ఉంటది’ అన్నరు. అవ్వ కూడ వాళ్లతోని నవ్వింది. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తనకు ఏదో అయితున్నదని ఇంట్ల అందరి కంటే ముందు ఎరుకైంది ఆమెకే.

గిసొంటి అవ్వలు, తాతలు మన ఊర్లల్ల మస్తు మంది ఉన్నరు. ఇప్పుడు వాళ్ల కోసం ఒక కొత్త మాట వినవడుతున్నది. ఫోన్ మీద, వీడియో కాల్ మీద ఇంటికాన్నే మెదడుకు సాధన చేయించుడు, యాదిమరుపుతోని బతుకు ఎట్ల నడుపుకోవాల్నో నేర్పుడు. దూరం నుంచే దవాఖాన సేవ అన్నట్టు. సెల్‌ఫోన్ మన చేతులనే ఉంది, యాప్ దించుకునుడు మనకు నిమిషం పని. ఇగ అవ్వ తిప్పలు తీరినట్టేనా? తీరవు. ఎందుకు తీరవో, తీరాలంటే ఏం గావాల్నో మాట్లాడుకుందం.

మరుపులల్ల తేడా ఉంది

పెద్దగైతుంటే పేర్లు జర ఆలస్యంగ యాదికి వచ్చుడు మామూలే. కళ్లద్దాలు ఎక్కడ పెట్టిన్నో మర్సిపోతే అది రోగం కాదు. ఇంకో కొసకు డిమెన్షియా ఉంటది. అండ్ల మనిషి తన పని తాను చేసుకోలేడు. వంట, లెక్క, తొవ్వ, చివరికి ఇంట్ల మనుషులు కూడ చేయి దాటిపోతరు. ఈ రెండిటి నడుమ ఒక మెట్టు ఉంది. దాన్ని డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటరు, పొట్టిగ ఎంసీఐ. అమెరికాల మేయో క్లినిక్ డాక్టర్ రొనాల్డ్ పీటర్సన్, ఆయన తోటోళ్లు 1999ల దీనికి గుర్తులు రాసిన్రు. అప్పటి సంది ఈ మాట దునియా అంతట నడుస్తున్నది.

ఎంసీఐ ఉన్నోళ్లకు పరీక్ష పెడితే వయసుకు మించిన మరుపు కనవడ్తది. కానీ వంట చేస్తరు, బస్సెక్కి పోతరు, పైసలు లెక్కవెడ్తరు. కొంచెం ఆలస్యమైతది, కొన్ని తప్పులు పోతయి, అంతే. జ్ఞాపకశక్తి క్లినిక్కులకు వచ్చే ఎంసీఐ మనుషులల్ల ఏడాదికి నూటికి 10 నుంచి 15 మంది డిమెన్షియాల పడుతున్నరని చాన ఏండ్ల సంది చెప్తున్న లెక్క. కొందరు ఏండ్లకేండ్లు అక్కడనే ఆగుతరు. కొందరు మళ్ల మామూలైతరు కూడ. అంటే ఇది ఇంకా చేయి దాటని దశ. ‘ముసల్తనం’ అని నవ్వి వదిలేస్తున్నది గిసొంటి దశనే అని మనం సోయి చేసుకోవాలె.

లెక్కలల్ల మన ఊరు

2023ల లాసీ-డాడ్ అనే పెద్ద సర్వే ఫలితాలు వచ్చినయి. మన దేశంల 60 ఏండ్లు దాటినోళ్లల్ల 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసిన్రు. దాని లోపటికి పోయి సూడుండ్రి. పట్నంల 5.3 శాతం ఉంటే పల్లెల 8.4 శాతం. మగోళ్లల్ల 5.8 ఉంటే ఆడోళ్లల్ల 9 శాతం. అంటే దీని బరువు ఎక్కువ పడుతున్నది పల్లె మీద, పల్లెల ఉండే అవ్వ మీద.

మరి చూసే డాక్టర్లు ఎక్కడ ఉన్నరు? మెదడు డాక్టర్, సైకాలజిస్ట్, యాదిమరుపుకు పరీక్ష చేసే క్లినిక్కు, అన్ని పెద్ద పట్నాలల్లనే. ఆదిలాబాద్ దిక్కు ఒక తండా నుంచి అవ్వను హైదరాబాద్ తీస్కపోవాలంటే ఒక రాత్రి, ఒక పగలు. తోడుకు ఒక మనిషి, ఇద్దరి కూలి పాయె, బస్సు కిరాయి, తిండి ఖర్సు. ఒక్కసారైతే ఎట్లనో పోతరు. కానీ ఈ సాధన ఒక్కసారి గోలీ రాసిస్తే అయిపోయేది కాదు. వారం వారం, నెలల తరబడి చేయాలె. గందుకే దూరం నుంచి చేసే సాధన మన పల్లెకు సోకు కాదు, అక్కెర. దాన్ని పట్నపోళ్ల యాపుల యవ్వారం అని తీసేసుడు తప్పు.

సాధన వేరు, ఆట వేరు

ఇక్కడ చాన మంది గడబిడ పడ్తరు. మెదడుకు చేయించే పని రెండు తీర్లు ఉంటది. ఒకటి ట్రైనింగ్. బొమ్మలు జతచేసుడు, అంకెలు గుర్తుపెట్టుకునుడు, తెర మీద వేగంగ వేలు పెట్టుడు. రెండోది రిహాబిలిటేషన్, మన మాటల చెప్పాలంటే బతుకు పని మళ్ల పట్టాల మీదికి తెచ్చుడు. అండ్ల మార్కులు ఉండయి, మనిషి అక్కెర ఉంటది. ‘బీపీ గోలీ వేసుకున్ననా లేదా తెల్వాలె’, ‘స్టవ్ బంద్ చేసుడు మర్సిపోవద్దు’, ‘మనుమరాలి పేరు తడుముకోకుండ పిలవాలె’. అవ్వ తన నోటితోని ఏది గావాల్నంటే అదే గురి.

ఇంగ్లండ్, వేల్స్‌ల లిండా క్లేర్ అనే ప్రొఫెసర్ బృందం తొలిదశ డిమెన్షియా ఉన్న 475 మంది మీద ఇట్లనే పరిశోధన చేసింది. దాని పేరు గ్రేట్ ట్రయల్, ఫలితాలు 2019ల వచ్చినయి. చికిత్స చేసేటోళ్లు ఇంటికి పోయి, మూడు నెలలల్ల పది సార్లు, తర్వాత ఇంకో నాలుగు సార్లు కూసోవెట్టి నేర్పిన్రు. ఏ పనులు గురి పెట్టుకున్నరో ఆ పనులల్ల వాళ్లు బాగుపడ్డరు, తొమ్మిది నెలలకు కూడ ఆ ఫాయిదా నిలిచింది. కానీ మొత్తం జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు మాత్రం పెరగలేదు. ఇది మంచిగ అర్థం చేసుకోవాలె. పోయిన మెదడు తిరిగి రాలేదు, కానీ బతుకు సులువైంది. అది ఎదురుంగ కూసోని చేసిన పని. దాన్నే వీడియో కాల్ మీదికి తేవాలన్నదే ఇప్పటి ప్రయత్నం.

పద్ధతి ఎట్ల ఉంటదో ఒకటి చెప్త. అవ్వ గోలీల డబ్బా ఎక్కడ పెట్టాల్నో యాదికుండుత లేదు. ‘గోలీలు ఎక్కడున్నయి? దేవుని అల్మారల’ అని చెప్పి, అర నిమిషం ఆగి అడుగుతరు. చెప్తే నిమిషం ఆగి అడుగుతరు. తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది నిమిషాలు. నడుమ వేరే ముచ్చట వెడ్తరు. తప్పు చెప్తే తిట్టరు, ‘ఆలోచించు’ అని సతాయించరు. నిజం జవాబు వెంటనే చెప్పి మళ్ల చిన్న గడువుకు వస్తరు. తప్పు చేయనియ్యకుండ నేర్పుడు ఇండ్ల అసలు కిటుకు. ఎందుకంటే మరుపు ఉన్నోళ్లకు తాము చెప్పిన తప్పే గట్టిగ కూసుంటది. మనం ఇంట్ల చేసేది దీనికి ఉల్టా. ‘పొద్దున చెప్పిన గదా, యాది లేదా?’ అని పరీక్ష వెడ్తం. అవ్వ సిగ్గుతోని నోరు మూసుకుంటది.

యాపుల దుకాణం

ఇగ రెండో తొవ్వ సూద్దాం. ‘రోజు పది నిమిషాలు ఆడుండ్రి, మతిమరుపు రాదు’ అని పైసలు గుంజే యాపులు దునియాల మస్తున్నయి. 2016 జనవరిల అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌టీసీ, లూమోసిటీ అనే పేరుమోసిన బ్రెయిన్ గేమ్ కంపెనీ మీద కేసు వెట్టింది. వయసుతోని వచ్చే మరుపును, డిమెన్షియాను ఆపుతదని చెప్పిన మాటలకు సరైన రుజువు లేదన్నది. ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నది.

మరి శాస్త్రం ఏమంటున్నది? 2019ల కాక్రేన్ అనే సంస్థ, ఎంసీఐ ఉన్నోళ్లకు కంప్యూటర్ మీద చేయించే ట్రైనింగ్ డిమెన్షియాను ఆపుతదా అని ఉన్న పరిశోధనలన్ని జల్లెడ పట్టింది. గట్టిగ చెప్పేటంత రుజువు దొరకలేదన్నది. దానికంటే ముందు, 2014ల ఇంకో పరిశీలన వచ్చింది. రోగం లేని పెద్దోళ్ల మీద జరిగిన 52 అధ్యయనాలు, 4,885 మంది లెక్క. కంప్యూటర్ ట్రైనింగ్‌తోని కొంత ఫాయిదా ఉందని తేలింది. కానీ అదే అధ్యయనంల ఇంకో ముచ్చట ఉంది. పదిమంది కలిసి, చూసుకునే మనిషి ఉండంగ చేస్తే ఫాయిదా కనవడ్డది. ఇంట్ల ఒక్కరే కూసోని చేసినప్పుడు కనవడలేదు. వారానికి మూడుసార్ల కంటే ఎక్కువ చేసినా ఫాయిదా లేదు.

నా వాదన అంత ఈడనే ఉంది. ఫోన్ ఇచ్చి, యాప్ పెట్టి, ‘ఆడుకో అవ్వా’ అని మనం పట్నం బస్సెక్కితే అది వైద్యం కాదు. దూరం నుంచి సాధన నడవాలంటే ఆ కొసకు నేర్చిన థెరపిస్ట్ ఉండాలె, ఈ కొసకు అవ్వ పక్కన ఒక మనిషి కూసోవాలె. ఆ ఇద్దరి నడుమ ఫోన్ ఒక తీగ లెక్క.

సదువు రాని అవ్వ సంగతి

2011 జనగణన ప్రకారం ఇప్పటి తెలంగాణ జిల్లాలల్ల అక్షరాస్యత 66.54 శాతం. అరవై దాటిన ఆడోళ్లల్ల ఎంతమందికి సదువు వస్తదో మన ఇంట్లనే చూసుకోవచ్చు. మరి ‘వంద నుంచి ఏడు తీసేసుకుంట పో’, ‘ఒక వాక్యం రాయి’ అనే పరీక్ష పెడితే, రోగం లేని అవ్వ కూడ ఫెయిలైతది. అది ఆమె మెదడు తప్పు కాదు, పరీక్ష తప్పు. ఐసీఎంఆర్ దీన్ని గుర్తించి ముద్ర అనే పరీక్షల పెట్టె తయారు చేయించింది. హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంతోని పాటు తెలుగుల కూడ ఉంది. సదువు రానోళ్లకు వేరేగ పరీక్షలు వెట్టిన్రు. పరీక్ష దగ్గర మొదలైన ఈ తెలివి సాధన దాక రావాలె. ఇంగ్లీష్ బొమ్మల యాప్‌ను తెలుగుల డబ్బింగ్ చేస్తే సరిపోదు. అవ్వకు తెలిసిన విత్తనాలు, కూరగాయలు, సుట్టాల పేర్లు, పండుగలతోని సాధన రాయాలె.

సదువు లేదని అవ్వ మెదడును తక్కువ చేసుడు కూడ తప్పే. దీనికి రుజువు మన హైదరాబాద్‌ల ఉంది. నిమ్స్‌ల డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013ల ఫలితాలు అచ్చేసింది. ఒక్క భాషనే మాట్లాడేటోళ్ల కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేటోళ్లకు రోగం సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగ వచ్చింది. బడి మొఖం చూడనోళ్లల్ల కూడ ఈ తేడా కనవడ్డది. తెలుగు, ఉర్దూ కలిపి అంగట్ల బేరం చేసే అవ్వ మెదడుకు కూడ కసరత్తు ఉన్నట్టే గదా.

ఫోన్ పట్టే ముందు

ఇంకో ముచ్చట. మరుపు కనవడంగనే సాధన షురూ చేసుడు కూడ తొందరపాటే. కొన్ని మరుపులకు వేరే కారణం ఉంటది, దాన్ని సరిచేస్తే మనిషి తేరుకుంటడు. విటమిన్ బీ12 తక్కువైనా, థైరాయిడ్ గడబిడైనా, దిగులుతోని కుంగిపోయినా, నిద్ర లేకున్నా యాది తప్పుతది. నిద్రగోలీలు ఏండ్లకేండ్లు మింగినా అంతే. మన దిక్కు ఇంకోటుంది, మందు కలిపిన కల్లు. ఆల్ప్రాజోలం కలిపిన కల్లు తాగే తాతకు మరుపు వస్తే మొదలు ఆ కల్లు సంగతి డాక్టర్‌కు చెప్పాలె. కానీ ఒక్కసారిగ బంద్ చేయించొద్దు. అట్ల చేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్‌ను అడిగి మెల్లగ తగ్గియ్యాలె.

చెవి సంగతి కూడ చూడాలె. వీడియో కాల్ల అడిగింది వినవడక అవ్వ జవాబు చెప్పకపోతే, అవతలోళ్లు మరుపు అని రాసుకుంటరు. 2024ల లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు కారణమయ్యే 14 అంశాలు చెప్పింది. వినికిడి తగ్గుడు, చూపు తగ్గి చికిత్స చేయించుకోకపోవుడు, బీపీ, షుగర్, చెడ్డ కొలెస్ట్రాల్, పొగ, తక్కువ సదువు, ఒంటరితనం అండ్లనే ఉన్నయి. ఇవన్ని సరిచేస్తే నూటికి 45 దాక డిమెన్షియా కేసులను ఆపుడో, ఆలస్యం చేసుడో కుదురుతదని దాని అంచనా. ఫిన్లాండ్‌ల ఫింగర్ అనే ప్రయోగం కూడ గిదే చెప్పింది. 60 నుంచి 77 ఏండ్ల 1,260 మంది, రెండేండ్లు. తిండి, కసరత్తు, మెదడు సాధన, బీపీ షుగర్ల మీద నిఘా, నాలుగు కలిపి చేయించిన గుంపు మామూలు సలహా ఇచ్చిన గుంపు కంటే పరీక్షలల్ల మంచిగ చేసింది. అంటే మెదడు సాధన నాలుగు కాళ్ల మంచంల ఒక కాలు. ఒక్క కాలు మీద మంచం నిలవడదు.

పైలం ఉండాల్సింది ఇంకోటి. మరుపు షురూ అయిన మనిషి చేతిల స్మార్ట్‌ఫోన్ అంటే మోసగాళ్లకు తలుపు తెరిచినట్టే. ఓటీపీ అడిగేటోడు, ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిచ్చేటోడు గిసొంటోళ్ల కోసమే కాసుకొని ఉంటరు. సాధనకు వాడే ఫోన్‌ల బ్యాంక్ యాప్ ఉండొద్దు. పైసలు పోతే వెంటనే 1930కి కొట్టాలె. థెరపిస్ట్ అని చెప్పుకునేటోళ్లను కూడ అడగాలె. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటది. డాక్టర్ అయితే 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం తన రిజిస్ట్రేషన్ నంబర్ చూపియ్యాలె.

పక్కన కూసునేది ఎవ్వరు?

మనిషి గావాలె అన్నం. ఆ మనిషి ఎవ్వరు? చెప్పకుండనే అందరి చూపు కోడలు మీదికి పోతది. వంట ఆమెదే, పశువులు ఆమెవే, నాటు కూలికి పోయేది ఆమెనే, ఇగ అత్తకు మెదడు సాధన కూడ ఆమె మీదనే వేస్తే అది న్యాయం కాదు. కొడుకు దుబాయ్‌ల ఉంటే, మనుమడు హైదరాబాద్ హాస్టల్ల ఉంటే, వాళ్లు చేయగలిగింది వాళ్లు చేయాలె. వీడియో కాల్ అంటే దూరమున్న బిడ్డ కూడ అండ్ల కలవొచ్చు. వారానికి రెండు సార్లు అర గంట, నువ్వు దుబాయ్‌కాంచే అవ్వతోని సాధన చేయించొచ్చు.

కానీ అంత ఇంటోళ్ల మీదనే వదిలేస్తే, ఎవ్వరు లేని అవ్వ సంగతేంది? ఇక్కడ సర్కారును అడగాలె. పునాది లేదనడానికి లేదు. ఊర్ల పల్లె దవాఖాన ఉంది, ఆశ అక్క ఉంది, ఏఎన్ఎం ఉంది. పెద్ద డాక్టర్‌తోని మాట్లాడేతందుకు ఈ-సంజీవని ఉంది. మానసిక ఆరోగ్యానికి 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి-మానస్ 14416 నంబర్ తెలుగుల మాట్లాడుతది. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరికి పోయి కండ్లు చూసిన రాష్ట్రం మనది. కండ్లు చూసినోళ్లకు చెవి, యాది చూసుడు చేతగానిది కాదు. కేరళ 2014లనే డిమెన్షియా కోసం సర్కారు కార్యక్రమం షురూ చేసింది.

అడగాల్సినయి మూడే. ఒకటి, పల్లె దవాఖానల బీపీ, షుగర్ చూసే రోజే 60 దాటినోళ్లకు తెలుగుల, సదువుతోని పని లేని యాది పరీక్ష చేయాలె. రెండు, పరీక్షల తేడా వచ్చినోళ్లను బీ12, థైరాయిడ్, చెవి, కన్ను చూసినంక జిల్లా దవాఖాన థెరపిస్ట్‌తోని వీడియోల కలపాలె. మూడు, వారానికి ఒకసారి పదిమంది పెద్దోళ్లను ఊర్లనే ఒక తావున కూసోవెట్టి, ఒక ట్రైనింగ్ తీసుకున్న అక్కతోని ఆ సాధన చేయించాలె. ఆ అక్కకు దీనికి వేరేగ పైసలియ్యాలె. ఆశ అక్క మీద ఇంకో ఉట్టి పని పెట్టుడు కాదు.

ఆ గుంపుల అష్టాచెమ్మ ఆడొచ్చు, బతుకమ్మ పాటలు యాదికి తెచ్చుకోవచ్చు, సంత లెక్కలు వేయొచ్చు. ఇవి మందులని నేను అంటలేను. కానీ ఆరు బయట కూసోని పదిమందితోని ముచ్చట పెట్టే అవ్వ, గోడ మొఖాన టీవీ చూసుకుంట కూసునే అవ్వ ఒక్కతీరు ఉండరని మన అందరికి ఎరుకే.

సర్కారు కదిలేదాక మనం ఆగుడు అక్కెర లేదు. ఇయ్యాల రాత్రి అవ్వ అదే ముచ్చట మళ్ల అడిగితే నవ్వకుండ జవాబు చెప్పుండ్రి. గోలీలకు, తాళం చెవికి, పింఛన్ పుస్తకానికి ఇంట్ల ఒక్కటే తావు పెట్టుండ్రి. గోడకు పెద్ద అంకెల క్యాలెండర్ కొట్టుండ్రి. ఆరు నెలల సంది మరుపు పెరుగుతున్నదా, ఏ పనిల పెరుగుతున్నదో ఒక కాయితం మీద రాయుండ్రి. ఆ కాయితం పట్టుకొని అవ్వను దవాఖానకు తీస్కపోండ్రి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అండ్లనే ఉంటది.

మన చిన్నప్పుడు తొవ్వ తప్పితే చేయి పట్టుకొని ఇంటికి తెచ్చింది ఈ అవ్వనే. ఇప్పుడు ఆమె తొవ్వ జర మసక అయితున్నది. అప్పుడు ఆమె మన చేతిల సెల్‌ఫోన్ పెట్టి పోలేదు, పక్కన నడిచింది.